డయాలసిస్, షుగర్ ఉన్నవాళ్ళకి చెవిలో మోత కూడా మొదలైతే ఏం చేయాలి, రోజు ఎలా గడపాలి

రాత్రి పన్నెండున్నర అవుతుంది. ఇంట్లో అందరూ పడుకుంటారు, టీవీ కట్టేస్తారు, వీధిలో కుక్కలు కూడా సద్దుమణుగుతాయి. అప్పుడు తెలుస్తుంది నా చెవుల్లో ఆ శబ్దం. రెండు చెవుల్లోనూ ఉంటుంది, కుడివైపు కాస్త ఎక్కువ. వానాకాలంలో చెరువుగట్టు మీద కీచురాళ్ళు అరిచినట్టు, మధ్యలో ఒక్క క్షణం కూడా ఆగకుండా. పగలంతా కూడా అది ఉంటూనే ఉంది, మిగతా చప్పుళ్ళు తగ్గాక బయటపడింది, అంతే.

నాకు షుగర్ వచ్చి 18 ఏళ్ళు. డయాలసిస్ మొదలై ఐదో ఏడు నడుస్తోంది, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. చెవిలో మోత వచ్చి నాలుగేళ్ళు దాటింది. తణుకు దగ్గర పల్లెలో ఉంటాను, కుట్టుమిషన్ మీద బతికినదాన్ని. డాక్టర్ని కాదు. ఈ నాలుగేళ్ళలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఒక మాట, కిడ్నీ డాక్టర్ దగ్గర ఒక మాట, పక్క బెడ్ వాళ్ళ దగ్గర ఒక మాట విని, కొన్ని తప్పులు చేసి, కొన్ని దిద్దుకుని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చెవి మోత ఒక్కటే ఉన్నవాళ్ళకి సలహాలు బోలెడు దొరుకుతాయి. కిడ్నీ, గుండె, షుగర్, కేన్సర్, టీబీ లాంటివాటితో పాటు ఇది కూడా ఉన్నవాళ్ళకి ఆ సలహాల్లో సగం పనికిరావు, కొన్ని ప్రాణం మీదకి తెస్తాయి. అందుకే నేను చెప్పే ప్రతి పనిలోనూ ఒకటే జాగ్రత్త ఉంటుంది: చెవి కోసం ఏం చేసినా ముందు మీ పెద్ద జబ్బు చూసే డాక్టర్‌కి చెప్పి చేయండి, పెద్ద జబ్బుకి ఏ కొత్త మందు రాసినా చెవుల సంగతి చెప్పి తీసుకోండి.

ముందు ఆ శబ్దం ఎలాంటిదో పట్టుకోండి

ఒక నోటుబుక్కు తీసుకోండి, పిల్లల పాత రఫ్ నోట్సు అయినా చాలు. ఏ చెవిలో వస్తోంది, కీచుమంటోందా, హోరుమంటోందా, గుండె కొట్టుకున్నట్టు వస్తోందా, ఎప్పుడు పెరిగింది, ఆ రోజు బీపీ ఎంత, షుగర్ ఎంత, డయాలసిస్ ఉన్న రోజా కాదా, కొత్త మందు ఏదైనా వేసుకున్నారా, ఇవన్నీ ఒక వారం రాయండి. వారం చాలు. నేను మొదట్లో మూడు నెలలు రాశాను, చివరికి పొద్దున లేవగానే మొహం కూడా కడగకుండా చెవి సంగతే చూసుకునే స్థితికి వచ్చాను. అది మంచిది కాదు, మనం ఎంత కాపలా కాస్తే అది అంత పెద్దగా వినిపిస్తుంది.

ఆ వారం కూడా ఆగకూడని సందర్భాలున్నాయి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడడం మానేసినా బాగా తగ్గినా, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. జలుబు చేసింది, చెవిలో నీళ్ళు పోయాయి, రెండు రోజుల్లో తగ్గుతుందిలే అనుకోవద్దు. దానికి ఇచ్చే స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, వారాలు గడిచేకొద్దీ వినికిడి తిరిగివచ్చే అవకాశం తగ్గిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. స్టెరాయిడ్ బిళ్ళలతో షుగర్ మూడొందలు, నాలుగొందలకి పోవచ్చు, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సి ఉంటుంది. బిళ్ళలు బొత్తిగా పడవనుకుంటే మందుని కర్ణభేరి గుండా నేరుగా చెవిలోకే సూదితో ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అడగండి.

మోతతో పాటు మూతి ఒకవైపు లాగినా, మాట తడబడినా, నడక తూలినా అది ఈఎన్‌టీ పని కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఒక్క చెవిలోనే మోత వచ్చి ఆ చెవిలో మెల్లగా వినికిడి తగ్గుతుంటే స్కాన్ తీయించాలంటారు, వినికిడి నరం మీద గడ్డ ఏమైనా ఉందేమోనని. అది కేన్సర్ గడ్డ కాదు, చాలా నెమ్మదిగా పెరిగేది, అయినా చూడాలి.

గుండె లయతో కలిసి వచ్చే శబ్దానిది వేరే దారి. నాడి పట్టుకుని చూడండి, మోత దాంతో పాటే కొడుతుంటే రక్తనాళాల్లో ఏదైనా ఉందా, బీపీ ఎక్కువుందా, రక్తం బాగా తగ్గిందా అని చూడాలి. ఇందులో డయాలసిస్ వాళ్ళకి మాత్రమే తెలిసిన చిన్న విషయం ఒకటుంది. ఒక రాత్రి సుయ్… సుయ్… సుయ్ అని కొత్త శబ్దం మొదలైంది, గుండె ఆగినంత పనైంది. లేచి కూర్చున్నాను, పోయింది. పడుకున్నాను, మళ్ళీ వచ్చింది. చివరికి చూస్తే ఎడం చేయి తల కింద పెట్టుకున్నాను, ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, చెవికి ఆనుకుని ఉంది. చేత్తో తాకితే జిమ్మని కొట్టుకుంటుందే, ఆ రక్తం పరుగు దిండులోంచి వినిపించింది. మీకూ అలా అనిపిస్తే ముందు చేయి దూరంగా పెట్టి చూడండి. పైగా ఫిస్టులా ఉన్న చేతిమీద తల పెట్టి పడుకోకూడదు కూడా, అది మూసుకుపోయే ప్రమాదం ఉంది. చేయి తీసినా శబ్దం అలాగే ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

మందులన్నీ ఒక సంచిలో వేయండి

నాది ఇక్కడే మొదలైంది. ఫిస్టులా ఇంకా తయారవలేదని మెడ దగ్గర క్యాథటర్ అనే గొట్టం వేసి డయాలసిస్ చేస్తున్న రోజులు. దానికి ఇన్‌ఫెక్షన్ పట్టింది, మిషన్ మీద ఉండగానే పళ్ళు టకటకా కొట్టుకునేంత చలి, జ్వరం. పదిరోజులు అమికాసిన్ సూదులు ఇచ్చారు. జ్వరం తగ్గింది. ఏడో రోజో ఎనిమిదో రోజో చెవిలో కీచుమనడం మొదలైంది, నీరసం అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు, నన్ను ఎవరూ అడగలేదు. ఆ సూది నా ప్రాణం నిలబెట్టింది, ఆ మాట మనసారా చెబుతాను. కానీ శబ్దం మొదలైన రోజే నేను నోరు విప్పి ఉంటే వేరే మందుకి మార్చేవాళ్ళేమో, మోతాదు చూసేవాళ్ళేమో.

అందుకే రోజూ వేసుకునే బిళ్ళలు, పోయినేడాది వాడిన సూదుల చీటీలు, ఆకు మందులు, పొడులు, నొప్పుల బిళ్ళలు, చెవి చుక్కలు, అన్నీ ఒక సంచిలో వేసి డాక్టర్ ముందు పెట్టండి. చెవికి దెబ్బ తీయగల మందుల్లో మనకి తరచుగా తగిలేవి ఇవి.

అమికాసిన్, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్, ఇవన్నీ ఒకే కుటుంబం. ఇవి బయటికి పోయేది కిడ్నీల గుండా, కిడ్నీలు పనిచేయకపోతే ఒంట్లో నిలిచిపోయి లోపలి చెవిని కాలుస్తాయి. పాతరోజుల్లో టీబీకి స్ట్రెప్టోమైసిన్, మందులకి లొంగని టీబీకి కనామైసిన్ సూదులు నెలల తరబడి ఇచ్చేవారు, వాటివల్ల చెవులు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్‌ని పక్కన పెట్టి నోటి మందులవైపు మళ్ళించింది. కానీ పల్లెల్లో జ్వరం అనగానే జెంటా సూది పొడిచే అలవాటు ఇంకా పోలేదు. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందు ఏం సూది అని అడగండి, కిడ్నీ పేషెంట్‌నని చెప్పండి. అమ్మ తరఫు చుట్టాల్లో ఎవరికైనా ఇలాంటి సూది తర్వాత చెవుడు వచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పాల్సిన విషయం, ఆ బలహీనత తల్లి నుంచి పిల్లలకి వస్తుంది.

ఒళ్ళు ఉబ్బినప్పుడు ఇచ్చే లాసిక్స్ రెండోది. పెద్ద మోతాదులో నరానికి గబగబా ఎక్కిస్తే చెవులు గుయ్యిమంటాయి, చాలామందికి ఆపాక తగ్గిపోతుంది. పై సూదులూ ఇదీ కలిపి ఇస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. కేన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్ మూడోది. అది మొదలుపెట్టేముందే వినికిడి పరీక్ష చేయించుకుని ఉంచుకుంటే తర్వాత తేడా తెలుస్తుంది, ఒక సైకిల్ తర్వాత మోత మొదలైతే రెండో సైకిల్‌కి ముందే చెప్పాలి. మలేరియాకి వాడే క్వినైన్, ఒళ్ళునొప్పులకి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా ఈ జాబితాలోవే, పైగా మిగిలి ఉన్న కాస్త కిడ్నీనీ ఆ నొప్పుల బిళ్ళలే తినేస్తాయి.

ఆస్ప్రిన్ గురించి చాలామంది భయపడతారు. రోజుకి గ్రాముల లెక్కన వేసుకున్నప్పుడు అది మోత తెస్తుంది, నిజమే. గుండెకి వేసుకునే 75, 150 మిల్లీగ్రాముల బిళ్ళతో సాధారణంగా అలా రాదు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు చెవి మోత అని ఆస్ప్రిన్ సొంతంగా ఆపేస్తే గుండెపోటు రావచ్చు. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి, అడగండి.

సంచి పని అయ్యాక ఒక చిన్న అట్టముక్క మీద ఇలా రాయించుకోండి: డయాలసిస్ పేషెంట్, షుగర్ ఉంది, అమికాసిన్ వల్ల వినికిడి దెబ్బతింది, ఆ రకం సూదులు వేరే దారి లేకపోతేనే ఇవ్వండి. నాది ఆరోగ్యశ్రీ కార్డు వెనకాల అతికించి ఉంది, మా కోడలి ఫోన్‌లో ఫొటో కూడా ఉంది. స్పృహలో లేనప్పుడు మన తరఫున మాట్లాడేది అదే.

ఈఎన్‌టీ దగ్గర అడగాల్సినవి

గులిమి గట్టిపడి చెవి మూసుకుపోయినా మోత వస్తుంది, అది తీస్తే తగ్గిపోతుంది, అంత తేలిగ్గా పోయేవాళ్ళు కూడా ఉంటారు. కానీ షుగర్ ఉన్నవాళ్ళు నీళ్ళు కొట్టి గులిమి తీయించుకోవద్దు. నీటి తడి మిగిలి, చర్మం గీరుకుని, ఎముకదాకా పాకే చెవి ఇన్‌ఫెక్షన్ మనకి వచ్చే అవకాశం ఎక్కువ. షుగర్ ఉందని చెబితే సక్షన్‌తోనో చిన్న పరికరంతోనో తీస్తారు. ఇంట్లో పిన్నీసు, అగ్గిపుల్ల, వెల్లుల్లి కాచిన నూనె, బజార్లో చెవులు శుభ్రం చేసేవాళ్ళు, వీటి జోలికి అసలు వెళ్ళొద్దు.

తర్వాత ఆడియోగ్రామ్. గాజు గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తారు, వినపడగానే బటన్ నొక్కాలి. 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా, అంటే బొంగురు శబ్దం నుంచి సన్నని కీచు దాకా చూస్తారు. నా గీత మొదటి సగం బాగానే ఉండి 4000 దగ్గర మెట్లు దిగినట్టు కిందకి పడిపోయింది. ఆ కాగితం చూపించి డాక్టరమ్మ చెప్పిన మాట నాకు సగం భయం తీసేసింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల్లాంటి కణాలు వేలల్లో ఉంటాయి, అవి చనిపోతే మళ్ళీ పుట్టవు. అక్కడినుంచి సంకేతం రాక మెదడు తన సౌండు తనే పెంచుకుంటుంది. రేడియోలో స్టేషన్ సరిగ్గా అందనప్పుడు సౌండు పెంచితే పాట రాదు గానీ బరబర పెరుగుతుంది చూడండి, ఈ మోత ఆ బరబరే. అంటే తలలో ఏదో పగిలిపోతోందని కాదు, పిచ్చి పట్టడమూ కాదు.

ఎమ్మారై రాస్తే, అందులో రంగు మందు ఎక్కిస్తారా అని అడిగి, కిడ్నీ సంగతి ముందే చెప్పండి. ఆ మందుల్లో పాత రకాలు కొన్ని కిడ్నీలు పనిచేయనివాళ్ళకి చర్మం, కీళ్ళు బిగుసుకుపోయే తీవ్రమైన జబ్బు తెచ్చాయి. కొత్తవాటితో ఆ ప్రమాదం చాలా తక్కువ, కాని ఏది ఇవ్వాలో తేల్చేది కిడ్నీ డాక్టర్, స్కానింగ్ వాళ్ళు కలిసి మాట్లాడుకున్నాకే.

ఒంట్లో సర్దుకోగలిగినవి సర్దుకోండి

మోత మూలం పోకపోయినా, దాన్ని ఎగదోసేవి కొన్ని మన చేతిలో ఉంటాయి. నా నోటుబుక్కులో తేలినవి చెబుతాను. హిమోగ్లోబిన్ 7 కి పడిపోయిన నెల తల మొత్తం హోరెత్తింది, రక్తం పట్టే ఇంజెక్షన్లు, ఐరన్ సరిచేసి 10 దాటాక మామూలు కీచుకి దిగింది. డయాలసిస్ మూడో గంటలో బీపీ పడిపోయిన రోజుల్లో మోత ముందే పెరిగేది, కళ్ళు తిరగడం తర్వాత. ఇప్పుడు చెవి పెరగగానే టెక్నీషియన్ అబ్బాయిని పిలుస్తాను, బీపీ చూస్తాడు, నీరు తీసే వేగం తగ్గిస్తాడు. రెండు డయాలసిస్‌ల మధ్య నేను నాలుగు కేజీలు పెరిగి వస్తే అంత నీరూ ఒక్కసారి తీయాలి, బీపీ పడక ఏం చేస్తుంది. కాబట్టి నీళ్ళ కొలత పాటించడం నా చెవికి కూడా మందే అయింది. ఆవకాయ తిన్న మర్నాడు బీపీ 180 ఉంటుంది, చెవి కూడా ఊరుకోదు. థైరాయిడ్ ఎప్పుడూ చూపించుకోనివాళ్ళు ఒకసారి చూపించుకోండి.

పళ్ళు గట్టిగా బిగించినప్పుడో మెడ తిప్పినప్పుడో మోత మారుతుంటే దవడ, మెడ కండరాలు కూడా కారణంలో ఉన్నట్టు. ఫిజియోథెరపీ వాళ్ళని అడిగి మెడ వ్యాయామాలు నేర్చుకుంటే కొందరికి బాగా తేడా వస్తుంది.

ఎవరేం చెప్పినా వెంటనే మొదలుపెట్టకూడనివి

చెవి మోతని పూర్తిగా పోగొట్టే బిళ్ళ ఇప్పటికి లేదు. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ ఇది తెలియక నేను వేలు ఖర్చుపెట్టాను. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో జింకో అనే ఆకు మందు, జింకు, నిద్రకి వాడే మెలటోనిన్ మోతకి వాడొద్దనే చెప్పింది. మన దగ్గర విరివిగా రాసే బీటాహిస్టిన్‌ని ఒక్క మోతకే అయితే ఇవ్వొద్దని బ్రిటన్ 2020 మార్గదర్శకాలు చెప్పాయి. కళ్ళు తిరగడం కూడా ఉంటే డాక్టర్ ఇవ్వచ్చు, అది వేరే లెక్క.

మామూలు మనిషి జింకో బిళ్ళ వేసుకుంటే డబ్బు దండగ, అంతవరకే. మనం వేసుకుంటే రక్తస్రావం పెరగొచ్చు, ఎందుకంటే డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, చాలామందికి అలాంటి పనే చేసే ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ కూడా ఉంటాయి. మెగ్నీషియం బిళ్ళలు చెవికి మంచివని వీడియోల్లో చెబుతారు, కిడ్నీ పనిచేయకపోతే ఆ మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోతుంది. అరటిపండ్లు తినండి, కొబ్బరినీళ్ళు తాగండి, నీళ్ళు బాగా తాగండి అంటారు, డయాలసిస్ వాళ్ళకి మొదటి రెండిటితో పొటాషియం పెరిగి గుండె ఆగొచ్చు, నీళ్ళతో ఒంట్లో నీరు పేరుకుంటుంది. భస్మాలు, పేరులేని పొడులు కిడ్నీల్ని పూర్తిగా ముంచేయొచ్చు. అరికాళ్ళ మంటలకి వాడే గాబాపెంటిన్ కొందరు మోతకి కూడా రాస్తారు, కిడ్నీ పనిచేయనివాళ్ళకి దాని మోతాదు బాగా తగ్గించాలి, లేకపోతే మత్తులో తూలి పడిపోతారు. మా పిన్నికి అలా జరిగి తుంటి ఎముక విరిగింది.

టీ మానేయమని కూడా అందరూ చెబుతారు. టీ, కాఫీ మానితే మోత తగ్గుతుందని గట్టిగా తేలలేదు. అన్నీ మానేసిన జీవితంలో పొద్దున ఆ అరగ్లాసు టీ కూడా తీసేయక్కర్లేదు, మీ నీళ్ళ లెక్కలో కలుపుకుని తాగండి.

రాత్రిని ఎలా దాటాలి

అసలు యుద్ధం ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నిశ్శబ్దమైన గదిలో పడుకోకండి. చీకట్లో చిన్న దీపం పెద్దగా కనిపించినట్టే నిశ్శబ్దంలో మోత పెద్దగా వినిపిస్తుంది, గదిలో కాస్త వెలుతురు లాంటి శబ్దం ఉండాలి. నాకు టేబుల్ ఫ్యాన్ కాళ్ళవైపు పెట్టుకుంటే సరిపోయింది. ఇంకొకరికి వాన శబ్దం, ఏటి శబ్దం, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాటలు, మాటలు వద్దు, వినాలనిపిస్తుంది, నిద్ర చెడిపోతుంది.

సౌండు ఎంత పెట్టాలనేది ముఖ్యం. మోత పూర్తిగా మునిగిపోయేంత పెంచాలనిపిస్తుంది, నేనూ అలాగే పెంచాను, ఫ్యాన్ ఆపగానే ఇంకా ఘోరంగా అనిపించేది. పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త 1990లో ప్రతిపాదించిన ఆలోచన మీద ఒక చికిత్స నడుస్తోంది. దాని ప్రకారం రెండు శబ్దాలూ వినిపించాలి, బయటి శబ్దం మోతకంటే ఒక్క పిసరు తక్కువగా ఉండి దాంతో కలిసిపోవాలి. అలా ఉంటేనే మెదడు మెల్లగా ఇది పట్టించుకోనక్కర్లేనిది అని నేర్చుకుంటుంది. గోడ గడియారం కొన్న మొదటి వారం టిక్కుటిక్కు వినిపించి, తర్వాత వినిపించడం మానేసినట్టు. దీనికి నెలలు పడుతుంది. నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఫోన్ దిండు పక్కన కాకుండా నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకోవద్దు. టైమర్ పెట్టి మధ్యలో ఆగిపోయేలా చేయకండి, ఆగిన నిమిషానికి మెలకువ వస్తుంది. మా ఊళ్ళో రాత్రి రెండింటికి కరెంటు పోతుంది, ఫ్యాన్ రెక్కలు మెల్లగా ఆగుతుంటే ఒక్కో తిరుగుడికీ కీచురాళ్ళు దగ్గరికి వచ్చినట్టుండేది. ఇప్పుడు చార్జింగ్ స్పీకర్ ఒకటి పక్కనే ఉంచుకున్నాను, కరెంటు పోగానే చేయి చాచి నొక్కుతాను. పక్కన పడుకునేవాళ్ళకి ఆ చప్పుడు పడకపోతే దిండు కింద పెట్టుకునే పల్చటి స్పీకర్లు దొరుకుతాయి. మా ఆయన మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు ఆయనకే ఫ్యాన్ లేకపోతే నిద్ర పట్టడం లేదు.

అరగంట దొర్లినా నిద్ర రాకపోతే లేచి కూర్చోండి. నేను చిక్కుడుకాయలు ఒలుస్తాను, లేదా చినిగిన జాకెట్టు హెమ్మింగ్ చేస్తాను, కళ్ళు బరువెక్కాక మళ్ళీ మంచమెక్కుతాను. పొద్దున లేచే టైము మాత్రం మార్చకండి. డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు నిద్రపోతే ఆ రాత్రి జాగారమే, అందుకని అక్కడ ఒక గంటకి మించి పడుకోవద్దు. కాళ్ళు గుంజుతూ కుదురుగా ఉండనివ్వకపోతే అది కిడ్నీ వాళ్ళకి మామూలుగా వచ్చే ఇబ్బందే, మందు ఉంది, డాక్టర్‌కి చెప్పండి, చెవిని తిట్టుకుంటూ పడుకోవద్దు. మందుల షాపులో అడిగి నిద్రబిళ్ళ కొనుక్కోవడం మాత్రం చేయకండి.

పగలు, మనుషుల మధ్య

వినికిడి తగ్గిందని ఆడియోగ్రామ్‌లో తేలితే చెవి మిషన్ పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. బయటి శబ్దాలు బాగా చేరితే మెదడు తన సౌండు పెంచుకునే అవసరం తగ్గుతుంది, చాలామందికి మోత కూడా తగ్గుతుంది. కొనలేనివాళ్ళకి కేంద్ర ప్రభుత్వం ఏడిప్ పథకం కింద వినికిడి యంత్రాలు ఇస్తారు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి పరీక్షలు అక్కడ చేస్తారు. వైకల్యం శాతం ఎక్కువుంటే సదరం క్యాంపులో సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

పెళ్ళిళ్ళలో డీజే, ఊరేగింపుల్లో డప్పులు, టపాసులు, వీటి దగ్గర స్పంజి ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. కానీ ఇంట్లో రోజంతా దూది పెట్టుకుని కూర్చోవద్దు, మామూలు చప్పుళ్ళు కూడా భరించలేని స్థితి వస్తుంది. గిన్నె కిందపడినా ఉలిక్కిపడే రోజులు నేను చూశాను.

ఇంట్లోవాళ్ళకి చెప్పడం కష్టం, ఎందుకంటే ఇది ఎవరికీ కనిపించదు. కిడ్నీ అంటే రిపోర్టు ఉంటుంది, షుగర్ అంటే నంబరు ఉంటుంది. నేను చేసింది ఒకటే, మా కోడలి ఫోన్‌లో నా మోతకి దగ్గరగా ఉన్న కీచు శబ్దం వెతికి, అందరినీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అయిదు నిమిషాలు వినమన్నాను. రెండో నిమిషానికే మావాడు తీసేశాడు. అత్తయ్యా, ఇది రోజంతానా అని కోడలు అడిగింది. ఆ రోజునుంచి వంటింట్లోంచి అరిచి పిలవడం మానేసి, ఎదురుగా వచ్చి మొహం చూసి మాట్లాడుతున్నారు. నాకు కావాల్సింది అదే.

మనసు సంగతి

ఇన్ని జబ్బులు మోస్తున్నవాళ్ళకి చివరగా వచ్చిన ఈ చిన్న జబ్బే ఒక్కోసారి తట్టుకోలేనట్టు అనిపిస్తుంది. డయాలసిస్‌కి కనీసం ఒకరోజు విరామం ఉంటుంది, దీనికి లేదు. మోత వస్తే టెన్షన్, టెన్షన్ పడితే మోత పెరుగుతుంది. ఈ గుండ్రం తెంచడానికి సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది, మోతకి బాగా పనిచేస్తుందని గట్టిగా రుజువైన వాటిలో అదొకటి. శబ్దాన్ని తగ్గించదు, దాని గురించి మనం అనుకునే మాటల్ని మారుస్తుంది. ఇది ఇక నన్ను బతకనివ్వదు అనుకోవడం మానేసి, ఇవాళ ఎక్కువుంది, నిన్న బీపీ పడింది కాబట్టి ఉంటుంది, రేపటికి దిగుతుంది అనుకోవడం నేర్పుతుంది. సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళడమంటే పిచ్చి అని కాదు. డిప్రెషన్ ఉంటే మందు కూడా వాడాలి, కిడ్నీకి తగిన మోతాదు చూసి ఇస్తారు.

చచ్చిపోతే బాగుండు, డయాలసిస్ మానేస్తే అయిపోతుంది అన్న ఆలోచన వస్తే దాచుకోకండి. నాకూ ఒక ఆషాఢంలో వచ్చింది. అప్పుడే ఎవరికైనా చెప్పండి, ఎవరూ లేకపోతే 14416 కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మోత ఒక్కసారిగా పెరిగిన రోజు

ఇలాంటి రోజులు వస్తూనే ఉంటాయి, అందుకే ఏం చేయాలో ముందే రాసి అల్మరా తలుపు లోపల అతికించుకున్నాను. ముందు బీపీ, షుగర్ చూసుకుంటాను. వినికిడి తగ్గిందా అని రెండు చెవుల దగ్గరా వేళ్ళు రుద్దుకుని వింటాను. కొత్త మందు ఏమైనా మొదలైందా చూస్తాను. ఈ మూడిట్లో ఏది తేడాగా ఉన్నా డాక్టర్‌కి ఫోన్. ఏమీ లేకపోతే ఫ్యాన్ వేసుకుంటాను, మెడకి గోరువెచ్చని గుడ్డ పెట్టుకుంటాను, ఆ రోజు కొత్త వైద్యం ఏదీ వెతకను, ఫోన్‌లో ఏమీ చదవను. పక్క గదిలో మా కోడలు నా పాత మిషన్ మీద జాకెట్లు కుడుతుంటుంది. తలుపు తీసి ఉంచమంటాను. టకటకటక అని ఆ చప్పుడు లోపలికి వస్తుంది, కీచురాళ్ళు దాని వెనక్కి పోతాయి, అప్పుడప్పుడు కుట్టు వదిలిందని చప్పుడుని బట్టే తెలిసి దారం సరిచూడమ్మా అని ఇక్కడినుంచే కేకేస్తాను.